క్రియకి చివర

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
తెప్పలు బోర్లా పడుకుంటాయి,
వలలు నీడపట్టున కుట్లు వేయించుకుంటాయి.
పెద్ద జాలరిపేట ఇసకలో
పాత తాళ్ళు పరిచి చెడుగుడు గీతలు వేస్తాం.
మైకు నాది.
ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే గొంతు
ఆ రెండు నెల్లూ పేటందరిదీ.

పెద్ద విద్యేం కాదు.
తెడ్డు ఎల్లాజీ కూతకెల్లినాడు,
వాసుపల్లి నూకరాజు పట్టీసినాడు.
డు, డు, డు.
ఆటంతా ఆ ఒక్క అక్షరం మీదే ఊరేగుతుంది.

ఆ ఏడు దుర్గాలమ్మ జట్టులో ఏడోవాడికి కామెర్లు.
చున్నీ నడుముకి బిగించి
పరదేశమ్మ గీత దగ్గరకొచ్చి నిలబడింది.
నాయనమ్మ పేరు తనే పెట్టుకున్న మనిషి.
జగదాంబ సెంటర్లో ఎర్రలైటు పడితే
కారద్దాల మీద వేళ్ళతో తట్టే మనిషి.
చిన్నప్పుడు ఇదే ఇసకలో
మా అన్నలందరి కాళ్ళూ లాగిన మనిషి.

"రూలు పుస్తకం తెండి" అన్నారెవరో.
అది ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడూ లేదు.
రిఫరీ, రిటైరైన పోర్టు కళాసీ,
నోట్లోంచి ఈల తీసి
"ఏడుగురుండాల. ఉన్నారు" అన్నాడు.

ఆమె గీత దాటింది.
నేను మైకు నొక్కాను.
గరికిన పరదేశమ్మ కూతకెల్లినా...
అక్కడ ఆగిపోయాను.

తెలుగులో క్రియకి తోకుంటుంది.
మగాడైతే డు. మిగతా లోకమంతా ది:
ఆడమనిషి, ఆవు, అల, అలమారా.
ఆ తోక దగ్గర నా నాలిక
ఇసకలో దిగబడ్డ లారీ చక్రం.
నా "నా" ఒక్కటే స్పీకర్లోంచి
తెన్నేటి పార్కు దాకా సాగుతూ పోయింది.
జనం నవ్వారు, నన్ను చూసో, తనని చూసో.

అవతల ఏడుగురు. వాళ్ళలో కోడా సత్తిబాబు.
సిగ్నలు దగ్గర రూపాయి పైనుంచి వదుల్తాడు,
వేలికి వేలు తగలకుండా.
చెడుగుడులో పైనుంచి వదలడం కుదరదు.
పట్టుకోవాలి. మడమ, మోకాలు, నడుము.
చెమట చెమటకి అంటాలి.
ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు.
ఆ క్షణంలోనే ఇద్దర్ని తాకి
ఇంకా ఊపిరి మిగిలుండగానే తిరిగొచ్చేసింది.
ముట్టుకోడానికి జంకితే
ఖరీదు రెండు పాయింట్లు.

రెండో కూతకి సత్తిబాబు జంకలేదు.
మడమ దొరకబుచ్చుకున్నాడు.
ఆరుగురు మీద పడ్డారు, ఇసక లేచింది,
ఆ కుప్ప కింద ఎక్కడో కూత
సన్నగా, తెగకుండా, ఇంకా, ఇంకా,
తెగింది.
అతనే చెయ్యిచ్చి లేపాడు.
"దెబ్బ తగిల్నాదేటి?"
"నీకు తగల్లేదా?"
చచ్చింది, ఆట భాషలో.
తన జట్టు అవతలివాణ్ణొకణ్ణి చంపగానే
మళ్ళీ బతికింది.
ఆటలో అది ఎంత తేలికో.

కప్పు రాలేదు. సెమీఫైనల్లో పోయారు.
ఆమెకి గది అద్దెకివ్వనన్న ఇంటాయన
వారమంతా ముందు వరసలో కూర్చుని ఈలలేశాడు.
గది ఇవ్వలేదు.
"మా పిల్లల ముందు ఇదేం ఆట" అని
కుర్చీ ఎత్తుకుని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.
నీళ్ళ క్యాను మోసే పదహారేళ్ళ కుర్రాడు మాత్రం,
ఎవరితోనూ కలవనివాడు,
రోజూ ఆట అయ్యాక ఆమె పక్కన కూర్చునేవాడు.
ఏమడిగాడో, ఏం చెప్పిందో.
నా మైకు అంత దూరం పోదు.

నాలుగో రాత్రి అనుకుంటాను.
ఎండు నెత్తళ్ళ పులుసు వడ్డిస్తూ మా ఆవిడంది:
"ఇయ్యాల తిన్నగా అన్నావు."
ఏటన్నాను?
"కూతకెల్లినాది అన్నావు. మూడుసార్లు."

నాకు గుర్తే లేదు.